పక్కవాళ్ళ పొలం చూసొస్తే మన దేవుడి తోట బాగుపడుద్దా?

సాగు సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి విశాఖ చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాలు చూస్తే గుడి పొలాలు, చర్చి తోటలు, గోశాలలు, ఇవే ఎక్కువ. దేవుడి పేరు మీద సాగు చేసేవాళ్ళు ఇంతమంది ఉన్నారా అనిపించింది. అందుకే ఈ సంచిక మొత్తం వాళ్ళకే ఇచ్చేశాను, మిగతావాళ్ళ ప్రశ్నలు వచ్చే నెల చూద్దాం, ఏమనుకోకండి.

ప్రశ్న: మాస్టారూ నమస్కారం. మాది ఎంవీపీ కాలనీలో ఒక భజన బృందం. ఆనందపురం దాటాక ఒక భక్తుడు రాసిచ్చిన ఐదెకరాల్లో ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం, పండింది స్వామి నైవేద్యానికి, శనివారం అన్నదానానికి వాడతాం. మొదటి ఏడాది బెండ, వంగ బ్రహ్మాండంగా వచ్చాయి, ఆ తర్వాత నుంచి ఏటికేడు తగ్గిపోతోంది, జీవామృతం మాత్రం తప్పకుండా పోస్తున్నాం. ఇలాగే దైవభక్తితో పొలాలు చేసే వేరేవాళ్ళ దగ్గరకెళ్ళి నేర్చుకుందామని మాలో కుర్రాళ్ళు అంటున్నారు. పెద్దవాళ్ళేమో మన దేవుడు, మన ఆవు, మన పద్ధతి, వేరే మతం వాళ్ళ దగ్గర మనం నేర్చుకునేదేంటి అంటున్నారు. వెళ్ళాలా వద్దా, వెళ్తే ఎక్కడికి, ఏం చూడాలి?

జవాబు: ముందు పెద్దవాళ్ళ మాట తేల్చేద్దాం, అది తేలకపోతే మీ బండి కాలనీ దాటదు. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ వాళ్ళు ఏటా ఇచ్చే పెద్ద బహుమతిని ముగ్గురికి కలిపి ఇచ్చారు. ఒకరు మనవాళ్ళే, మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ రైతు సాధికార సంస్థ నడిపే ఆంధ్రా ప్రకృతి వ్యవసాయం. రెండు, మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్ గారు. మూడు, ఈజిప్టులో సెకెమ్ అనే సంస్థ. ఈ సెకెమ్‌ని ఇబ్రహీం అబూలేష్ అనే ఆయన ఆస్ట్రియాలో చదువుకుని, అక్కడే ఉద్యోగం చేసి, వెనక్కొచ్చి 1977లో కైరోకి ఓ అరవై కిలోమీటర్ల దూరంలో ఉత్త ఎడారి తీసుకుని మొదలెట్టాడు. ఆయన ముస్లిం, భూమిని బాగా చూసుకోమన్న ఖురాన్ మాటే తన పనికి ఆధారం అనేవాడు, కానీ కంపోస్టు చేసే పద్ధతి, పొలం నడిపే పద్ధతి యూరప్‌లో బయోడైనమిక్ రైతుల దగ్గర, అంటే రసాయనాలు లేకుండా వాళ్ళదైన ఒక పద్ధతిలో సాగు చేసేవాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు. నమ్మకం తనది, పెంటపోగు విద్య వేరేవాళ్ళది, దాంతో ఆయన మతం ఏమీ చెడిపోలేదు. మీ పెద్దవాళ్ళకి నచ్చే ముక్క ఇంకొకటుంది, వీళ్ళు సూర్యుణ్ణి పూజిస్తున్నారని అక్కడ పుకారు లేచింది, ఆయన గొడవ పడకుండా మతపెద్దల్నే పొలానికి పిలిచి కూర్చోబెట్టి వాళ్ళ గ్రంథంలోంచే సమాధానం చెప్పి పంపించాడు.

ఇంకొకటి, ఆఫ్రికాలో బెనిన్ అనే దేశం ఉంది, అక్కడ పోర్టో నోవోలో గాడ్‌ఫ్రే న్జముజో అనే క్రైస్తవ ఫాదర్ 1985లో ఒక్క హెక్టారులో సొంఘై సెంటర్ అని పెట్టాడు. పశువుల పేడ బయోగ్యాస్‌కి పోతుంది, అందులోంచి వచ్చిన మడ్డి పొలానికి పోతుంది, పక్కనే చేపల చెరువు, కోళ్ళు, ఒకదాని చెత్త ఇంకొకదానికి మేత. కుర్రాళ్ళకి ట్రైనింగ్ కూడా ఇస్తారు. ఇవి రెండూ వెళ్ళి చూడమని చెప్పట్లేదు, టికెట్ డబ్బులతో మీరు బోరు వేయించుకోవచ్చు. వేరే దేవుణ్ణి కొలిచేవాళ్ళు కూడా మనలాగే పేడ, మట్టి, నీళ్ళతోనే కుస్తీ పడుతున్నారని పెద్దవాళ్ళకి తెలియాలని చెప్తున్నా.

ఇప్పుడు అసలు సంగతి. దూరపు కొండలు నునుపు అంటారు కదా, పొలాల టూర్లకి ఈ మాట రాసిపెట్టినట్టు సరిపోతుంది. ఏ పొలానికి వెళ్ళినా అక్కడ కనిపించే ప్రతి పని వెనకా ఏదో ఒక కారణం ఉంటుంది. కొన్ని వాళ్ళ నమ్మకం వల్ల చేస్తారు, కొన్ని వాళ్ళ నేల, వాళ్ళ వాన అలాంటివి కాబట్టి చేస్తారు, కొన్ని వాళ్ళ దగ్గర ఉన్న మనుషుల్ని బట్టి, డబ్బుని బట్టి చేస్తారు. చూసేవాడికి మూడూ కలిసిపోయి ఒకటే అద్భుతంలా కనిపిస్తాయి. విడదీసి చూడకపోతే వాళ్ళ ఎడారికి కావాల్సింది తెచ్చి మన ఆనందపురంలో పెడతాం. సెకెమ్ వాళ్ళు పంట కంటే ముందు చుట్టూరా సరుగుడు లాంటి చెట్లు నాటారు, అది భక్తి కాదు, ఇసక గాలి ఆపడానికి. మనకి ఇసక గాలి లేదు, అక్టోబర్ తుఫాను ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మహా వృక్షాలే వేళ్ళతో సహా లేచిపోయాయి, మీలో చాలామంది చూసే ఉంటారు. అందుకని వాళ్ళ దగ్గర తెచ్చుకోవాల్సింది సరుగుడు మొక్క కాదు. మన పొలానికి గాలి ఎటునుంచి కొడుతుంది, అటువైపు ఏం అడ్డం పెట్టాలి, పంట కంటే ముందు అది చూసుకున్నామా అన్న ప్రశ్న తెచ్చుకోవాలి.

దేవుడి పేరుతో నడిచే పొలాల్లో ఒక చిక్కుంది, అది ఎవరూ పైకి చెప్పరు. అక్కడ సగం పని సేవ పేరుతో ఊరికే జరిగిపోతుంది, నష్టం వస్తే విరాళం వచ్చి పూడుస్తుంది. అంచేత వాళ్ళ లెక్కలు చూస్తే అంతా లాభమే అనిపిస్తుంది, పాపం వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ళకే తెలీదు. మీరు వెళ్ళినప్పుడు దిగుబడి ఎంత అని అడక్కండి, మంగళవారం పొద్దున్న ఈ పొలంలో ఎంతమంది ఉంటారండి అని అడగండి. ఆశ్రమంలోనే కాపురం ఉండే ఇరవై మంది రోజూ పొద్దున్నే ఆకుకూర మళ్ళలో కూర్చుని కలుపు తీసే చోట పండే తోటకూర, ఆదివారం మాత్రమే కార్లలో వచ్చి రెండు గంటలు సేవ చేసి ప్రసాదం తిని వెళ్ళిపోయే బృందానికి పండదు, ఎందుకంటే కలుపుకి ఆదివారం సోమవారం తేడా లేదు. మీ ఉత్తరంలో బెండ, వంగ అన్నారు, బెండకాయ రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరి కట్టెలైపోతుంది, వంగలో కాయతొలుచు పురుగుని రోజూ ఎవరో ఒకరు చూస్తుండాలి. నా మట్టుకు నేను మీకు చెప్పేది, రోజూ మనిషి లేకపోతే మునగ, అరటి, కరివేపాకు, కంద, పెండలం, గట్ల మీద కంది, ఇలాంటివాటికి మారండి, అన్నదానంలో సాంబారుకి, పులుసుకి ఇవే కదా కావాలి. ఆకుకూరలు అర ఎకరం చాలు, అది కూడా అక్కడే ఉండే కుటుంబం ఉంటేనే.

ఇక మీ పంట ఎందుకు తగ్గుతోందో చూడకుండా నాకు ఖాయంగా తెలీదు గానీ, మొదటి ఏడాది బాగా వచ్చి తర్వాత పడిపోయిందంటే నాకు ఒకటే అనుమానం. చాలా ఏళ్ళు బీడుగా ఉన్న నేలలో గడ్డి, ఆకు, వేళ్ళు కుళ్ళి సేంద్రియం నిలవ ఉంటుంది, దున్నగానే అదంతా ఒక్కసారి కరిగి పంటకి అందుతుంది, ఆ ఏడు పంట విరగబడి కాస్తుంది. మన ఎర్ర నేలలో ఎండకి ఆ నిలవ తొందరగా ఖర్చైపోతుంది. జీవామృతం అంటే ఎరువు అనుకుంటున్నారు, అది ఎరువు కాదు, సూక్ష్మజీవుల తోడు. రెండొందల లీటర్ల నీళ్ళలో పది కేజీల పేడ, రెండు కేజీల బెల్లం, రెండు కేజీల పప్పుల పిండి, ఇంత గోమూత్రం, ఎకరం నేలకి అందులో పోషకం ఎంత ఉంటుందో మీరే ఆలోచించండి. ఆ జీవులు తినడానికి నేలలో ఆకు, గడ్డి, పెంట ఉండాలి, అవి లేకుండా తోడు పోస్తే ఏం తోడుకుంటుంది. రాంబిల్లి మండలం హరిపురంలో కేవీకే, అంటే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడ గానీ మీకు దగ్గర్లో ఉన్న మట్టి పరీక్షల ల్యాబ్‌లో గానీ సేంద్రియ కర్బనం ఎంతుందో చూపించుకోండి, 0.5 శాతం కంటే తక్కువుంటే తక్కువ అని లెక్క. ఆ కాగితం చేతిలో పట్టుకుని టూర్‌కి వెళ్ళండి, అప్పుడు ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

ఎక్కడికి అంటే, ముందు ఘాట్ రోడ్డు ఎక్కండి. పాడేరు, చింతపల్లి వైపు గిరిజన రైతులు ప్రకృతి సాగు చేసే ఊళ్ళు చాలా ఉన్నాయి, ఆ ఊళ్ళో పనిచేసే ప్రకృతి సాగు కార్యకర్తతో మాట్లాడుకుని వెళ్తే చూపిస్తారు. అక్కడ ముఖ్యంగా చూడాల్సింది నవధాన్యాల విత్తడం, అంటే తొలకరికి ముందే మే నెలలో పొడి దుక్కిలో పప్పులు, చిరుధాన్యాలు, నూనె గింజలు, ఆకుకూరలు, ఇరవై ముప్పై రకాల విత్తనాలకి బంకమట్టి, ఘనజీవామృతం (జీవామృతంలో ఎండబెట్టిన పొడి రకం) పట్టించి చల్లేస్తారు, వాన పడే దాకా అవి అలా పడుంటాయి, పడగానే లేస్తాయి, నేల ఖాళీగా ఎండకి మాడకుండా ఏడాదంతా పచ్చగా ఉంటుంది. మీ ఐదెకరాలకి కావాల్సిన మందు ఇదేనని నా నమ్మకం. ఇంకో మాట, వెళ్ళే దారి కాకపోయినా భీమిలి రోడ్డులో తొట్లకొండ చూడండి, పిక్నిక్‌కి కాదు. కొండ మీద బౌద్ధ భిక్షువులు రాయి తొలిచి వాన నీళ్ళు నిలవ చేసుకున్న తొట్లు రెండు వేల ఏళ్ళ కిందటివి ఇప్పటికీ ఉన్నాయి. ధ్యానం చేసుకునేవాళ్ళు కూడా ముందు నీళ్ళ సంగతి చూసుకున్నారు, మీ పొలంలో వాన నీళ్ళు ఎటు పోతున్నాయో ఒక్క జోరువానలో గొడుగేసుకుని నిలబడి చూశారా ఎవరైనా? ముంబై వైపు ఎవరైనా వెళ్తుంటే వాడా దగ్గర ఇస్కాన్ వాళ్ళ గోవర్ధన్ ఎకో విలేజ్ ఉంది, వాన నీటి నిలవ, వాడిన నీళ్ళు శుద్ధి చేసి మళ్ళీ మొక్కలకి పెట్టడం అక్కడ బాగా చేస్తారు, ఆ రెండూ చూసి రమ్మనండి.

ఎప్పుడు అంటే మే నెలలో. సంక్రాంతికి వెళ్తే ప్రతి పొలం బాగానే ఉంటుంది, అప్పుడు చూసి మురిసిపోయి రావడం తప్ప ఏం లాభం లేదు. ఎండలో ఏ మడి పచ్చగా ఉంది, ఏ చెట్టు కింద తడి ఉంది, బోరు ఎన్ని గంటలు పోస్తోంది, అదీ చదువు. లేదంటే తుఫాను వెళ్ళిన వారానికి వెళ్ళండి.

వెళ్ళాక ఏం చూడాలంటే, వాళ్ళు చూపించే చోటికి మర్యాదగా వెళ్ళి, తర్వాత చూపించని చోటికి కూడా తీసుకెళ్ళమని అడగండి. షెడ్డు వెనక్కి వెళ్ళి జీవామృతం డ్రమ్ము మీద గోనెపట్టా ఎత్తి చూడండి. రెండో రోజు డ్రమ్ము అయితే పైన సన్నగా నురగ కట్టి, కర్రతో కలిపితే బుడగలొచ్చి, పులిసిన దోసెల పిండి లాంటి వాసన రావాలి. ముక్కు మూసుకునే కంపు కొడుతూ, పైన తెల్ల పురుగులు పారాడుతుంటే అది ఎప్పుడో పోయిన డ్రమ్ము, వచ్చేవాళ్ళకి చూపించడానికి ఉంచారు. తర్వాత ఆచ్ఛాదన వేసిన చోట, అంటే నేల మీద ఆకు, గడ్డి కప్పిన చోట, ఆకులు పక్కకి తప్పించి వేలు పెట్టండి, రెండు కణుపుల లోతున చల్లగా ఉందా, మట్టి పిడికిట్లో పట్టి వదిలితే గుల్లగా విడిపోతుందా, వానపాము మట్టి కుప్పలు కనిపిస్తున్నాయా. అదే పొలంలో ఆచ్ఛాదన లేని చోట కూడా అలాగే చూడండి. ఈ రెండు పిడికిళ్ళ తేడా ముందు ఏ పవర్‌పాయింటూ పనికిరాదు.

అడగాల్సిన ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది, మీరు మొదలెట్టి మానేసినవి ఏంటండి, ఎందుకు మానేశారు అని. బాగా వచ్చినవి అందరూ చెప్తారు. మానేసినవి చెప్పేవాడు దొరికితే ఆ రోజు భోజనం అక్కడే చేయండి, సాయంత్రం దాకా కదలకండి.

ఇంకొకటి చెప్పాలి, కొంచెం కటువుగా ఉంటుంది. ఇలాంటి టూర్లకి ట్రస్టీలు, వాళ్ళ శ్రీమతులు, ఫొటోలు తీసే కుర్రాడు వెళ్తారు, పొలంలో రోజూ వంగి పనిచేసే మనిషిని మాత్రం పొలం చూసుకోమని వదిలేసి వెళ్తారు. మీ పొలంలో పనిచేసే దంపతుల్ని ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్ళండి, ఆ రోజు కూలి ఇచ్చి మరీ. మీరు బోర్డులు చదువుతుంటే ఆవిడ కొడవలి ఎలాంటిదో, గొప్పు ఎలా తవ్వుతున్నారో, నారు ఎంత దూరంలో పెట్టారో చూస్తుంది, ఇంటికొచ్చి చేసేది ఆవిడే. బస్సు నిండా వద్దు, ఐదారుగురు చాలు, అవతలివాళ్ళకి కూడా పని ఉంటుంది.

ముహూర్తాల సంగతి మీరు అడగలేదు గానీ మీలాంటి బృందాల్లో ఇది తప్పకుండా వస్తుంది కాబట్టి చెప్తున్నా. ఏరువాక పున్నమికి నాగలి పూజ చేసుకోవడం మన ఆచారం, చక్కగా చేసుకోండి. కానీ విత్తనం ముహూర్తం చూసి కాదు, పదును, అంటే నేలలో తడి చూసి వేయాలి. ఏజెన్సీలో కొత్త పంట వస్తే దేవతకి పెట్టకుండా నోట్లో పెట్టుకోరు, కొత్తల పండగ అయ్యాకే తింటారు, అంత నిష్ఠ ఉన్నవాళ్ళు కూడా పండగ రోజుని పంట పక్వాన్ని బట్టి ఊరి పెద్దలు కూర్చుని నిర్ణయించుకుంటారు. పూజ ముహూర్తానికి, విత్తనం పదునుకి, ఈ రెండూ కలపకుండా ఉంటే మీ పెద్దవాళ్ళకీ కుర్రాళ్ళకీ సగం తగువులు తీరిపోతాయి.

తిరిగొచ్చాక చూసినవన్నీ ఒకేసారి మొదలెట్టేయకండి. ఒక పంటకాలంలో ఒక్క మార్పు, అది కూడా ఐదు సెంట్లలో, పక్కనే ఇంకో ఐదు సెంట్లు పాత పద్ధతిలో ఉంచి. రెండిట్లో కోసినవి విడివిడిగా తూకం వేసి గోడ మీద క్యాలెండర్‌లో రాయండి. ఏది దిగుబడి ఇచ్చిందో స్వామే చూపిస్తాడు అని మీవాళ్ళు అంటే కాదనకండి, తూకం మాత్రం వేయండి.

ప్రశ్న: అయ్యగారూ వందనాలు. మాది పెందుర్తి దగ్గర చర్చి. మా స్థలం ఒకటిన్నర ఎకరంలో యూత్ వాళ్ళతో మొక్కజొన్న, కూరగాయలు వేస్తున్నాం. ఆఫ్రికాలో దేవుని పద్ధతిలో వ్యవసాయం అని దున్నకుండా, గడ్డి కప్పి చేస్తారని విని అలాగే వరిగడ్డి కప్పాం. చెదలు పట్టేసి మొక్కల మొదళ్ళు కూడా తినేశాయి. మా విశ్వాసంలో లోపమా, పద్ధతిలో లోపమా?

జవాబు: విశ్వాసం జోలికి నేను రాను, పద్ధతి సంగతి చెప్తాను. మీరు విన్నది జింబాబ్వేలో బ్రయన్ ఓల్డ్‌రీవ్ అనే రైతు 1980ల్లో హింటన్ ఎస్టేట్ అనే పెద్ద ఫారంలో మొదలెట్టిన పద్ధతి. ఏటా దున్ని దున్ని మట్టి కొట్టుకుపోయి నష్టాల్లో ఉన్నప్పుడు అడవిలోకి వెళ్ళి చూస్తే అక్కడ ఎవరూ దున్నట్లేదు, నేల మీద ఆకుల దుప్పటి ఉంది, అది దేవుడు కప్పిన దుప్పటి అన్నాడు. అందరూ ఆ దుప్పటి ఒక్కటే పట్టుకుంటారు. ఆయన అంతే గట్టిగా చెప్పినవి ఇంకా ఉన్నాయి, పని టైంకి చేయాలి, పద్ధతిగా చేయాలి, ఏదీ వృథా చేయకూడదు, సంతోషంగా చేయాలి అని. తాడుకి గుర్తులు పెట్టి, ఆ గుర్తుల దగ్గర గుంటలు తీసి, ఏటా అవే గుంటల్లో ఎరువేసి విత్తుతారు. మీ యూత్ వాళ్ళు తాడు పట్టారా? నాకు అనుమానమే.

ఇక చెదలు. మన ఎర్ర నేలలో ఎండుగడ్డి మందంగా, పొడిగా వేస్తే చెదలకి విందు పెట్టినట్టే. అదీగాక మన దగ్గర వరిగడ్డి పశువుల నోటికే చాలదు, దాన్ని నేల మీద పరిస్తే పక్కింటి రైతు తిట్టుకుంటాడు. పచ్చిది కప్పండి. వరసల మధ్య జనుము గానీ అలసంద గానీ చల్లి, పూతకి వచ్చేలోపు కోసి అక్కడే పరిచేయండి, తడి ఉంటుంది, తొందరగా మాగుతుంది. కొబ్బరి మట్టలు ముక్కలు చేసి వేసినా పర్లేదు. మొక్క మొదలుకి ఒక జానెడు చుట్టూ ఖాళీగా వదలండి, కప్పేది తేమ ఉన్నప్పుడే కప్పండి, మొదళ్ళలో ఇంత వేపపిండి వేయండి. వరి మడికి మాత్రం ఈ దున్నకుండా పద్ధతి పట్టుకురాకండి, అది మొక్కజొన్న దేశంలో పుట్టింది, దమ్ము చేసి ఉడిచే మడి లెక్క వేరు.

ప్రశ్న: సింహాచలం దగ్గర చిన్న ఆశ్రమం మాది. గో ఆధారిత వ్యవసాయం చేస్తున్నామని తెలిసి భక్తులు ఆవులు, దూడలు ఇస్తున్నారు, పదకొండు అయ్యాయి. పొలం మూడెకరాలే. వేరే గోశాలల్లో ఎలా నడుపుతున్నారు, మేం ఏం నేర్చుకోవాలి?

జవాబు: ముందు వద్దు అనడం నేర్చుకోవాలి తల్లీ, తప్పుగా అనుకోకు. అప్పన్నకి కోడెదూడలు మొక్కుకుని ఇవ్వడం మన ప్రాంతంలో ఎప్పటినుంచో ఉంది, ఇచ్చేవాళ్ళ భక్తిని తప్పుపట్టలేం. కానీ దూడ ఇచ్చినవాడు మేత ఇవ్వడు.

లెక్క చూడండి. సుభాష్ పాలేకర్ గారు ఒక నాటు ఆవుతో ముప్పై ఎకరాలు చేయొచ్చు అంటారు, ఎలా అంటే ఆవు రోజుకి పది కేజీల పేడ వేస్తుంది, ఎకరానికి నెలకోసారి పది కేజీలు చాలు. ఆ లెక్కన మీ మూడెకరాలకి జీవామృతం వరకు ఒక్క ఆవే ఎక్కువ. మిగతా పది మీ పొలానికి కాదు, మీ దయకి. దయ మంచిదే, అయితే అది వ్యవసాయం ఖాతాలో రాయకండి, విడిగా రాయండి, అప్పుడు తెలుస్తుంది విరాళం ఎంత కావాలో. నాటు ఆవు ఒకదానికి రోజుకి పచ్చిగడ్డే పదిహేను ఇరవై కేజీలు, పైన ఎండుగడ్డి నాలుగైదు కేజీలు కావాలి. పదకొండింటికి గుణించుకోండి. గడ్డి కొంటున్నారా పండిస్తున్నారా?

గోశాల చూడ్డానికి వెళ్తే ఆవుల నుదుట కుంకుమ కాదు, పక్కటెముకలు చూడండి. మేత ఎన్ని సెంట్లలో పండిస్తున్నారు, ఏం గడ్డి, మే నెలలో ఎక్కడ నుంచి తెస్తున్నారు, మగదూడలు పెద్దయ్యాక ఏం చేస్తున్నారు, ఈ నాలుగూ అడగండి. నేల ఎలా కట్టారో కూడా చూడండి, వెనక్కి వాలుగా కట్టి చిన్న కాలవ తీసి మూత్రం అంతా ఒక కుండీలో పడేలా పెట్టుకున్నవాళ్ళకి పశువు కాళ్ళకి పుళ్ళు తక్కువ, గోమూత్రం ఎక్కువ. పేడ ఎండలో కుప్ప పోయకుండా నీడన, పైన కప్పు వేసి పెట్టాలి. మీ మూడెకరాల్లో ఒక ఎకరం అయినా సూపర్ నేపియర్ మేత గడ్డి, గట్టు చుట్టూ అవిసె చెట్లు వేసేయండి, ఉన్నవాటికి కొంతైనా ఆసరా. కొత్త ఆవు ఎవరైనా తోలుకొస్తే ఏడాది మేత ఖర్చు ఇంత అని చీటీ చేతిలో పెట్టండి, నిజంగా భక్తి ఉన్నవాళ్ళు ఇస్తారు.

ప్రశ్న: దేవుడి తోటలో పురుగుని చంపితే పాపం కదా. వేరే ఫారాల వాళ్ళు దీన్ని ఎలా సర్దుకుంటున్నారు? – భీమిలి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: సర్దుకోవడం ఎవరికి వారిదే. చంపకుండా చేసే పనులు మాత్రం చాలా ఉన్నాయి. వేప కషాయం కొట్టగానే పురుగు రాలిపోదు, దాని తిండి సహించదు, కుబుసం విడవడం తప్పుతుంది, అంతే. చుట్టూ మొక్కజొన్న, జొన్న నాలుగు వరసలు వేస్తే రెక్కల పురుగులు లోపలికి రావడం తగ్గుతుంది. ఎకరానికి ఎనిమిదో పదో ఎండుకొమ్మలు పాతితే కాకులు, ఏట్రింతలు, గోరింకలు వచ్చి వాలతాయి. అవి పురుగుని తింటే ఆ లెక్క వాటిదీ దేవుడిదీ, మధ్యలో మీకెందుకు.

ప్రశ్న: మాస్టారూ, మా ట్రస్టు పొలంలో పండిన బియ్యం, పప్పులు మిగిలితే ప్యాకెట్లు కట్టి ఆర్గానిక్ అని రాసి అమ్ముదామనుకుంటున్నాం. తిరుమలలో కూడా ఇలాంటి బియ్యమే వాడటం మొదలెట్టారట కదా. ఏం చేయాలి? – సబ్బవరం

జవాబు: అవును, 2021లో తిరుమలలో గో ఆధారిత సాగులో పండినవాటితో నైవేద్యం పెట్టడం మొదలైంది, తర్వాత రైతు సాధికార సంస్థతో ఒప్పందం చేసుకుని రైతుల దగ్గర కొన్నారు. అక్కడ కూడా నమ్మకం ఒక్కటే చూసి కొనలేదు, ఎవరు పండించారు, ఎలా పండించారు అని చూశారు.

ప్రసాదంగా పంచితే ఏ లేబులూ అక్కర్లేదు. ప్యాకెట్ మీద ఆర్గానిక్ అని అచ్చేసి షాపుల్లో పెట్టాలంటే మాత్రం సర్టిఫికెట్ కావాలి. చిన్నవాళ్ళకి తేలికైంది పీజీఎస్ ఇండియా పద్ధతి, ఇందులో బయటి కంపెనీ ఇన్‌స్పెక్టర్ రాడు, కనీసం ఐదుగురు రైతులు గ్రూపు కట్టి ఒకరి పొలం ఒకరు వెళ్ళి తనిఖీ చేసుకోవాలి. మారే కాలంలో పీజీఎస్ గ్రీన్ ఇస్తారు, పూర్తిగా మారాక పీజీఎస్ ఆర్గానిక్, ఏడాదిలోపు కోసేసే పంటలకి రెండేళ్ళు పడుతుంది. మీ ట్రస్టు ఒక్కటే ఉంటే కుదరదు, ఇంకో నలుగురు కావాలి. మీ గట్టు పక్కన రైతుల్నే అడగండి, వాళ్ళది ఏ గుడి అయినా, ఏ చర్చి అయినా పర్లేదు. ఫారం నింపడానికి వాళ్ళ పొలంలో గట్టు గట్టూ తిరగాలి, వాళ్ళు మీ పొలంలో తిరుగుతారు, మందు డబ్బా ఎక్కడైనా దాచారేమో అని మీ పాక కూడా చూస్తారు, మొహమాటపడకండి. యూరియా చల్లే పొలం మీకు ఎగువన ఉంటే మధ్యలో గట్టు ఎత్తు పెంచి, లోపలి వైపు కాస్త వెడల్పుగా అడ్డు పంట వదలాలి, ఆ వరసలో పండింది విడిగా ఉంచాలి. అది ఈ వేసవిలోనే చేసుకోండి, తొలకరి పడ్డాక మట్టి పని కుదరదు.